పాత వ్యాక్యూమ్ క్లీనర్ కొని బాగుచేసుకోవడం ఎలా: గాలి దారి ముందు, మెరుగులు చివర

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఎర్రగడ్డ సంతకు వెళ్తే మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, స్టీరియోల మధ్య ఎక్కడో ఒక పాత వ్యాక్యూమ్ క్లీనర్ కనిపిస్తుంది. కొన్ని ఎనభైలలో, తొంభైలలో ఇంటింటికీ తిరిగి డెమో చూపించి అమ్మిన యూరోక్లీన్‌లు. వాటిని అమ్మిన యురేకా ఫోర్బ్స్ 1982లో స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్‌తో కలిసి మొదలైంది, తలుపు తట్టి అమ్మడం దాని పద్ధతి. ఇంకొన్ని అమెరికా నుంచో గల్ఫ్ నుంచో బంధువులు మోసుకొచ్చిన హూవర్లు, ఎలక్ట్రోలక్స్‌లు. చాలావరకు తుక్కు ధరకే పోతాయి. నా దృష్టిలో వాటికి ఆ గతి పట్టనక్కర్లేదు. లోపల ఒక మోటార్, ఒక ఫ్యాను, ఒక స్విచ్చు, ఒక సంచి, అంతే. స్క్రూలతో బిగించిన మెషిన్ కాబట్టి విప్పొచ్చు, మళ్లీ బిగించొచ్చు. సర్క్యూట్ బోర్డు కాలిందంటే పారేయాల్సిన కొత్త మెషిన్ల కన్నా ఇవే నయం.

చాలామంది ఇంటికి తేగానే పాలిష్ డబ్బా తీస్తారు. అది చివర చేయాల్సిన పని. నేల మీద జారే పాత సిలిండర్ మోడళ్లలో ఎక్కువ వాటికి పైపులోంచి పీల్చిన గాలే సంచి దాటి, మోటార్ మీదుగా వెనక నుంచి బయటికి పోతుంది. మోటార్‌ను చల్లబరిచేది ఆ గాలి ఒక్కటే. సంచి మూసుకుపోయినా, దారిలో దుమ్ము గడ్డకట్టినా గాలి తగ్గుతుంది, మోటార్‌లోని రాగి తీగ చుట్లు (వైండింగ్) వేడెక్కుతాయి, పైనున్న వార్నిష్ మాడుతుంది. కాలిపోయిందని సంతకు చేరిన మెషిన్లలో చాలా వాటికి మొదట ఆగింది గాలే. అందుకే ఈ పనంతా గాలి దారిని దృష్టిలో పెట్టుకునే చేయాలి.

సంతలో ఏం చూడాలి

ముందు మెషిన్ అడుగున ఉండే నేమ్‌ప్లేట్ చదవండి. 220-240 వోల్టులని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. 110, 115, 120 అని ఉంటే అది చాలావరకు అమెరికా మెషిన్. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటార్ అక్కడికక్కడే పోతుంది. అలాగని వదిలేయనక్కర్లేదు. ఇందులోది యూనివర్సల్ మోటార్ (ఏసీ, డీసీ రెండింటి మీదా తిరిగే రకం) కాబట్టి 60 హెర్ట్జా, 50 హెర్ట్జా అన్న టెన్షన్ లేదు, వోల్టేజీ ఒక్కటే తగ్గించుకోవాలి. ప్లేటు మీద 6 ఆంప్స్ అని ఉంటే 120తో గుణించండి, 720 వాట్లు. దానికి కనీసం 1000 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 1500 అయితే నిశ్చింత. ఆ ఖర్చు, ఆ బరువు కూడా కలుపుకొని బేరం ఆడండి.

అమ్మేవాళ్లు "చాలూ హై భాయ్" అంటూ పక్కనున్న బోర్డులో పెట్టబోతారు. వద్దనండి. వానకు తడిసి, ఎండకు పగిలిన వైరుతో ఉన్న ఇనప బాడీ మెషిన్‌ను ఎర్త్ లేని బోర్డులో పెట్టి చూడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. జేబులో చిన్న మల్టీమీటర్ ఉంచుకోండి. స్విచ్చు ఆన్ చేసి ప్లగ్గు రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. కొన్ని ఓమ్స్ నుంచి కొన్ని పదుల ఓమ్స్ దాకా వస్తే మంచిదే. అసలేమీ రాకపోతే ఎక్కడో తెగింది. వైరు కావచ్చు, స్విచ్చు కావచ్చు, అరిగిన కార్బన్లు (మోటార్‌కు కరెంటు అందించే నల్లటి ముక్కలు) కావచ్చు, మూడూ తక్కువ ఖర్చుతో పోయే రోగాలే. ఆ రెండు పిన్నుల్లో దేనికైనా ఇనప బాడీతో రీడింగ్ వస్తే మాత్రం బేరం సగానికి దించండి, లేదా వదిలేయండి.

తర్వాత వెనక గాలి బయటికొచ్చే చోట ముక్కు పెట్టి వాసన చూడండి. పాత దుమ్ము, ముక్కిపోయిన వాసన పర్వాలేదు, పోతుంది. మాడిన వార్నిష్ వాసన ఒకసారి తెలిస్తే మరిచిపోరు, అది ఉంటే వైండింగ్ పోయినట్టే. మెషిన్‌ను ఎత్తి అటూ ఇటూ వంచండి, లోపల ఏదైనా దొర్లిన చప్పుడు వస్తే ఫ్యాను రెక్క విరిగి ఉండొచ్చు.

పైపు చిరిగినా పర్లేదు గానీ, దాని చివర మెషిన్‌లోకి బిగించే కప్లింగ్ మాత్రం ఉండి తీరాలి. పైపు ఎక్కడైనా దొరుకుతుంది, కప్లింగ్ ఆ మోడల్‌ది ఆ మోడల్‌కే. ఇంకో మాట. నిలబెట్టి తోసే అప్‌రైట్ మోడళ్లు కార్పెట్ కోసం పుట్టినవి. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్, మార్బుల్ కదా, రోజూ వాడాలనుకుంటే నేల మీద జారే సిలిండర్ మోడలే తీసుకోండి. ఎర్రగడ్డలో దొరక్కపోతే గురువారం పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్ కూడా ఒక చూపు చూడొచ్చు.

విప్పడం

ఈ పని మిద్దె మీదో బాల్కనీలోనో చేయండి. అది ముప్పై నలభై ఏళ్ల దుమ్ము, ఎవరి ఇంటిదో తెలియదు. ఎన్95 మాస్కు, చేతి గ్లౌజులు తప్పనిసరి. పాత సంచిని దులపకండి, నీళ్లు చల్లి కవర్లో మూటగట్టి పారేయండి.

ప్రతి స్క్రూ తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి, వైర్లు ఏది ఎక్కడికి పోతోందో కనిపించేలా. తీసిన స్క్రూలను కోడిగుడ్ల అట్టలో వరసగా వేసుకుంటే బిగించేటప్పుడు ఏ గుంతలోది ముందో తెలుస్తుంది. వైరు లోపలికి చుట్టుకునే రీలు ఉంటే దాని స్ప్రింగు పెట్టె మూత మాత్రం విప్పకండి. పలుచని స్టీలు పట్టీ ఒక్కసారిగా విచ్చుకొని చెయ్యి కోసేస్తుంది. రీలు పక్కనున్న రాగి రింగులను తుడిస్తే సరిపోతుంది.

వైరు, ఎర్త్

పాత రబ్బరు వైరు పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. రెండు వేళ్ల మధ్య వంచితే పగుళ్లు బయటపడతాయి. ఐఎస్ఐ గుర్తున్న మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు, 1 చదరపు మిల్లీమీటరుది తీసుకోండి. 230 వోల్టుల మీద 1000 వాట్ల మెషిన్ 4 ఆంప్స్ పైచిలుకు లాగుతుంది, దానికి ఇది ధారాళంగా చాలు. ట్రూప్ బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా మీటర్ల లెక్కన ఇస్తారు.

రంగుల దగ్గర జాగ్రత్త. మన పాత వైర్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇప్పటి వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్త్. అమెరికా మెషిన్లలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. మన అలవాటుతో నలుపును న్యూట్రల్ అనుకుంటే స్విచ్చు న్యూట్రల్ మీద పడుతుంది, ఆఫ్ చేసినా లోపల ఫేజు అలాగే ఉంటుంది.

ప్లేటు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మెషిన్, ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేని ఇనప బాడీకి రెండు కోర్ల వైరే ఉంటే మీరు మూడో వైరు వేసి బాడీకి గట్టిగా బిగించండి. బిగించే చోట పెయింటు గీకి మెరిసే లోహం కనిపించాలి. వైరు లోపలికొచ్చే చోట క్లాంపు ఉండాలి, లేకపోతే లాగిన ప్రతిసారీ ఆ బరువు కనెక్షన్ల మీదే పడుతుంది. ఇంట్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) లేకపోతే, ఈ మెషిన్ వాడినా వాడకపోయినా, ఒకటి పెట్టించుకోండి.

మోటార్

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మోటార్ బయటికి తీశాక మెత్తని పెయింటు బ్రష్‌తో దుమ్మంతా దులపండి. నీళ్లు తగలనివ్వకండి.

మోటార్‌కు రెండు పక్కలా చిన్న ఇత్తడి గొట్టాల్లో స్ప్రింగుతో నొక్కి ఉండే నల్లటి ముక్కలు కార్బన్లు. తీసేటప్పుడు ఏది ఏ వైపుది, ఏ అంచు పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బాగుంటే అదే చోట, అదే వైపుగా పెట్టాలి. పొడవు 6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే రెండూ కలిపి మార్చండి, ఒకటే మార్చడం వద్దు. కొత్తవి వెడల్పు, మందం పాతవాటితో సరిపోవాలి. కాస్త పెద్దవైతే గరుకు కాగితం మీద రుద్ది సరిచేసుకోవచ్చు, చిన్నవైతే పనికిరావు. గొట్టంలో బిగుసుకోకుండా స్ప్రింగు బలానికి సులువుగా జారాలి.

కార్బన్లు ఆనుకునే రాగి పట్టీల చక్రం కమ్యుటేటర్. దాన్ని వెలుతురులో చూడండి. సమంగా గోధుమ రంగు పొర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, ముట్టుకోకండి. నల్లగా మసిబారితే 600 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ సాండ్ పేపర్‌ను రిబ్బనులా కత్తిరించి చుట్టూ పట్టి, షాఫ్టును చేత్తో తిప్పుతూ తేలిగ్గా రుద్దండి. ఎమరీ కాగితం మాత్రం వాడకండి, దాని రజను కరెంటును మోస్తుంది. తర్వాత పట్టీల మధ్య సన్నని గాడులను చూడండి. అక్కడే రాగి రజను, కార్బన్ పొడి కూరుకుపోయి పక్కపక్క పట్టీలను కలిపేస్తాయి, నిప్పురవ్వలు అక్కడి నుంచే పుడతాయి. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో గాడినీ నెమ్మదిగా గీకండి. మధ్యలో ఉండే అభ్రకం రాగి మట్టం కన్నా కాస్త కిందికి ఉండాలి. ఓపికగా చేస్తే గంట పట్టే పని, కానీ మోటార్ బతకడం చాలావరకు దీని మీదే ఉంది.

కొత్త కార్బన్ మూతి చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది. రెండింటి మధ్య సాండ్ పేపర్ పట్టీ పెట్టి, గరుకు వైపు కార్బన్‌కు తగిలేలా, మోటార్ తిరిగే దిశలో లాగితే మూతి వంపు తిరుగుతుంది. ఆ పొడి మొత్తం ఊదేయండి.

షాఫ్టును వేళ్లతో తిప్పి చూడండి. గరగర తగిలితే బేరింగులు మార్చాలి. బేరింగు మీదే నంబరు ఉంటుంది, 608, 6000, 6200 లాంటిది. అది రాసుకొని రాణిగంజ్‌లో బేరింగుల షాపులకు వెళ్తే చేతిలో పెడతారు. దుమ్ములో పనిచేసే మెషిన్ కాబట్టి రెండు వైపులా మూత ఉన్నదే అడగండి. తీయడానికి పుల్లర్ వాడండి, షాఫ్టు మీద సుత్తి దెబ్బ పడకూడదు. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి, బయటి రింగు మీద నొక్కితే గోళీలు నలిగి కొత్తదే పాడవుతుంది. బాగా పాత వాటిలో బేరింగుకు బదులు కంచు బుష్ ఉంటుంది. దానికి ఎలక్ట్రిక్ మోటార్లకు వేసే ఆయిల్ రెండు మూడు చుక్కలు చాలు. కొబ్బరినూనె, వంటనూనె పోయకండి, జిగురై పట్టేస్తాయి.

ఫ్యాను నట్టు గట్టిగా ఉంటే బలం చూపించే ముందు మర ఏ వైపుకు తిరిగిందో చూడండి, కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. అల్యూమినియం రెక్కలకు పేరుకున్న మట్టిని చెక్కపుల్లతో తీయండి. ఒక పక్క మట్టి ఉండిపోయినా, రెక్క వంగినా ఆ వేగానికి మెషిన్ మొత్తం అదురుతుంది.

వైర్ల దగ్గర చిన్న డబ్బాలా కెపాసిటర్ ఉంటే, రేడియోలో గరగర రాకుండా పెట్టినది. పాత కాగితపు కెపాసిటర్లు తేమ పీల్చి ఒకరోజు పొగ చిమ్ముతాయి. పరీక్షలేమీ వద్దు, మార్చేయండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నదానికి అదే మైక్రోఫారడ్ విలువలో ఎక్స్2 రకం కావాలి. బాడీకి కలిపినది ఉంటే దానికి వై రకమే వేయాలి. రెండూ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

వైండింగ్ మీద అనుమానం ఉంటే, షాఫ్టుతో కలిసి తిరిగే తీగచుట్ల భాగమైన ఆర్మేచర్‌ను వైండింగ్ షాపుకు తీసుకెళ్లి గ్రౌలర్ (చుట్లలో షార్టు పట్టిచ్చే పరికరం) మీద పెట్టి చూడమనండి. "ఆర్మేచర్ మంచిగనే ఉందన్నా, కార్బన్లు అరిగినయ్ అంతే" అనే మాట వినిపిస్తే పండగే. ఆర్మేచర్ పోయిందంటే మాత్రం కొత్తగా చుట్టించడానికి ఎంతవుతుందో ముందే అడగండి. అంత వేగంగా తిరిగేదాన్ని చుట్టాక బ్యాలెన్స్ కూడా చేయాలి, అది చేయలేని షాపులో చుట్టించకండి. అలాంటప్పుడు అదే మోడల్ ఇంకోటి వెతికి రెండింటినీ కలిపి ఒకటి చేసుకోవడం మేలు.

కరెంటు ఇచ్చే ముందు

మొదట మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్. వైండింగ్ షాపులో ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండింటినీ కలిపి, స్విచ్చు ఆన్‌లో ఉంచి, బాడీతో 500 వోల్టుల మీద చూడమనండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వకూడదు. వానాకాలంలో కొన్న మెషిన్‌కు తేమ వల్లే తక్కువ రావచ్చు. మోటార్‌ను రెండు రోజులు ఎండలో పెట్టి మళ్లీ చూపించండి, తేమే అయితే విలువ బాగా పెరుగుతుంది.

తర్వాత సిరీస్ బోర్డు. ఏ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది: మెషిన్‌కు వెళ్లే ఫేజు వైరులో ఒక ఫిలమెంటు బల్బు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. 230 వోల్టుల మెషిన్‌కు 100 లేదా 200 వాట్ల బల్బు పెట్టి స్విచ్చు వేయండి. బల్బు వెలుగుతూ మోటార్ నెమ్మదిగా తిరిగితే బాగున్నట్టు. బల్బు నిండుగా వెలిగి మోటార్ కదలకపోతే షార్టో, షాఫ్టు పట్టేయడమో. అసలు బల్బే వెలగకపోతే దారి ఎక్కడో తెగింది. తప్పు ఎంత పెద్దదైనా బల్బు కరెంటును ఆపుతుంది కాబట్టి ఏదీ కాలదు.

సిరీస్‌లో బాగా తిరిగాక, ఫ్యాను బిగించి, పైకప్పు మూసి, అప్పుడే నేరుగా కరెంటు ఇవ్వండి. ఫ్యాను తీసేసి ఈ మోటార్‌ను పూర్తి వోల్టేజీ మీద ఎప్పుడూ తిప్పకండి. బరువు లేకపోతే యూనివర్సల్ మోటార్ వేగం అదుపు తప్పి పెరుగుతుంది, ఆర్మేచర్ విచ్చుకుపోవచ్చు. కార్బన్ల దగ్గర చిన్న నీలి రవ్వలు మామూలే, కొత్త కార్బన్లు కుదురుకున్నాక తగ్గుతాయి. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం కనిపిస్తే వెంటనే ఆపేయండి, అది ఆర్మేచర్ జబ్బు.

సంచి, రబ్బర్లు, పైపు

పాత మోడళ్ల సంచులు బజారులో దొరక్కపోవచ్చు. దగ్గరి టైలర్‌తో కుట్టించుకోండి. పాత సంచి మూతికున్న అట్ట లేదా ప్లాస్టిక్ చట్రాన్ని దాచుకోండి, కొలత అదే. బట్ట దగ్గరగా నేసిన కాటన్ డ్రిల్ కావాలి. నోటికి ఆనించి ఊదితే కొద్దిగా బిగువు తగులుతూ గాలి పోవాలి. ధారాళంగా పోతే దుమ్ము మోటార్‌లోకి వెళ్తుంది, అసలు పోకపోతే మోటార్‌కు ఊపిరాడదు. కుట్లు రెండు వరసలు, కుట్ల అంచు లోపలికి మడిచి ఉండాలి. సంచికీ మోటార్‌కూ మధ్య పలుచని స్పాంజి ఫిల్టర్ ఉంటే అదీ కొత్తది కత్తిరించి వేయండి. తడి సంచి, తడి ఫిల్టర్ ఎప్పుడూ పెట్టకండి.

మూత చుట్టూ ఉండే రబ్బరు ముప్పై ఏళ్లకు కట్టెలా గట్టిపడుతుంది. రాణిగంజ్ రబ్బరు షాపుల్లో అదే మందం పట్టీ కొని గాడిలో కూర్చండి, కలిసే చోట ఏటవాలుగా కోసి అతికిస్తే సందు ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మెషిన్ నడుస్తుండగా, పైపు లేకుండా మెషిన్ ముందరి రంధ్రాన్ని అరచేత్తో ఒక్క క్షణం మూయండి. మోటార్ గొంతు సన్నబడి పైకి లేస్తుంది, ఫ్యానుకు తోయడానికి గాలి లేక వేగం పెరుగుతుంది. తర్వాత పైపు బిగించి దాని చివర మూయండి. గొంతు అంతే పైకి లేస్తే పైపు బాగున్నట్టు. తక్కువ లేస్తే ఎక్కడో గాలి లీకవుతోంది. ఎక్కడో తెలియడానికి ఒక అగరుబత్తి వెలిగించి, నిప్పు లోపలికి పోకుండా కాస్త దూరంలో ఉంచి, పైపు వెంట, మూత అంచుల వెంట మెల్లగా జరపండి. పొగ ఏ చోట పక్కకు వంగి లోపలికి లాగబడుతుందో అక్కడే చిల్లు. చిన్న చిల్లులకు సైకిల్ ట్యూబు ముక్క, రబ్బరు సొల్యూషన్ చాలు. పైపు నిండా పగుళ్లుంటే కప్లింగులు విప్పి, లోపలి వ్యాసం కొలిచి, కొత్త ముడతల పైపుకు వాటినే బిగించండి.

ఇక మెరుగు

బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) భాగాలను సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరాక మెటల్ పాలిష్ కొద్దిగా రుద్దండి, నలుపు తేలుతుంది. క్రోమ్ మీది తుప్పుకు నీళ్లలో తడిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండ చాలు. పెయింటు అసలుదైతే కారు రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆపేయండి, కొత్త రంగు వేయకండి. నేమ్‌ప్లేట్, కంపెనీ స్టిక్కర్ల మీద ఏ రసాయనమూ పడనివ్వకండి, మెషిన్ వయసు చెప్పేవి అవే.

వాడేటప్పుడు

సంచి మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి కాసేపు ఆపండి. వెనక వచ్చే గాలి మామూలు కన్నా వేడిగా తగిలితే ముందు సంచి చూడండి, తర్వాత పైపు. పక్క ఫ్లాట్‌లో పుట్టీ పనో, టైల్స్ కటింగో జరిగి ఇల్లంతా తెల్లగా అయితే దీన్ని బయటికి తీయకండి. సిమెంటు, పుట్టీ పొడి బట్ట రంధ్రాలను పూడ్చేస్తుంది, మిగిలింది బేరింగుల్లోకి పోతుంది. ఆ పొడిని తడిగుడ్డతోనే తీయాలి. నీళ్లు, దేవుడి దగ్గరి వేడి బూడిద, దీపావళి మర్నాడు వాకిట్లో మిగిలిన టపాసుల మందు కూడా దీంతో పీల్చకండి. లోపల కార్బన్ల దగ్గర రవ్వలు లేస్తూనే ఉంటాయి, పీల్చిన గాలి వాటి మీదుగానే పోతుంది.